శూన్యానికీ ఒక జాతి

శూన్యం శూన్యమే కదా, దానికి మళ్ళీ జాతి ఎందుకు? జావా ప్రోగ్రాములో నల్ ముందు కుండలీకరణాలలో ఆబ్జెక్ట్ అని ఉండడం చూసి, మా బృందంలో కొత్తగా చేరిన కుర్రవాడు వేసిన ప్రశ్న ఇది. "అనవసరమండీ, తీసేస్తాను" అన్నాడు. వద్దన్నాను. పెద్దవాళ్ళు వద్దన్నంత మాత్రాన ఊరుకునే రకం కాదతను. ఆ గుణం నాకు నచ్చింది. ఇద్దరమూ కూర్చుని, తీసేసి చూశాము.

స్ట్రింగ్ క్లాసులో వాల్యూఆఫ్ అన్న ఒకే పేరుతో చాలా మెథడ్లున్నాయి. వాటిలో ఒకటి ఏ ఆబ్జెక్టునైనా స్వీకరిస్తుంది. మరొకటి అక్షరాల అరేను మాత్రమే. నల్ రెండింటికీ సరిపోతుంది. అప్పుడు కంపైలర్ మరింత నిర్దిష్టమైనదాన్ని ఎంచుకుంటుంది. అరే కూడా ఒక ఆబ్జెక్టే కనుక అరేదే గెలుపు. తీరా నడిపితే, లేని అరేలో అక్షరాలు వెతకబోయి ప్రోగ్రాము కుప్పకూలుతుంది. ఆబ్జెక్ట్ అన్న ఆ ఒక్క మాట ఉంచితే బుద్ధిగా "నల్" అనే స్ట్రింగునిస్తుంది. ప్రింట్‌ఎల్‌ఎన్ సంగతి మరీ విడ్డూరం. అక్కడ స్ట్రింగూ, అక్షరాల అరే సమానంగా పోటీపడతాయి కాబట్టి కంపైలర్ తీర్పు చెప్పనని మొరాయిస్తుంది.

ఇంతా చేసి క్యాస్టు వల్ల నల్ ఏమీ మారదు. స్ట్రింగుగా మార్చిన నల్‌ను నీవు స్ట్రింగువేనా అని ఇన్‌స్టాన్స్‌ఆఫ్‌తో అడిగితే కాదనే జవాబు. 1965లో ఆల్గాల్ డబ్ల్యూ కోసం నల్‌ను కల్పించిన టోనీ హోర్, 2009లో దాన్ని తన వంద కోట్ల డాలర్ల పొరపాటు అన్నాడు. నాకు మాత్రం శూన్యం కన్నా జాతి చెప్పని శూన్యమే ఎక్కువ ప్రమాదకరమనిపిస్తుంది.

మార్కుల కోసం ఇంటర్లో సంస్కృతం తీసుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. పాణిని రుచి తెలిసింది చాలా తరువాత. ప్రత్యయం కనబడకుండా పోవడానికి ఆయన లుక్, శ్లు, లుప్ అని మూడు పేర్లు పెట్టాడు. ధాతువు తరువాత రావలసిన శప్ లుక్కుతో పోతే ధాతువు ఉన్నట్టే ఉంటుంది: అద్ నుండి అత్తి. అదే శప్ శ్లువుతో పోతే ధాతువుకు ద్విత్వం వస్తుంది: హు నుండి జుహోతి. రెండుచోట్లా మిగిలింది శూన్యమే. ఏ సూత్రం పనిచేయాలో ఆ శూన్యం పేరే నిర్ణయిస్తుంది. కంపైలర్‌కు మనం క్యాస్టుతో చెప్పేది సరిగ్గా ఇదే.

ఇక లుప్ తీరు వేరు. పంచాలులు ఉండే దేశానికి పేరు కట్టేటప్పుడు ప్రత్యయం లుప్తో పోతుంది. అందుకే ఒకే దేశమైనా, ఆ మనుషుల లింగవచనాలే నిలుపుకుని "పంచాలాః" అని పుంలింగ బహువచనంగా మిగిలిపోయింది.