గోడ కట్టిన విస్బీ, మాటిచ్చిన మోటుపల్లి

సంగం మాది అనగానే ఆఫీసులో అందరూ పాల ప్యాకెట్ గురించే అడుగుతారు. ఆ డైరీ గుంటూరు వైపుది బాస్. మా సంగం నెల్లూరు జిల్లాలో ఉంది. పెన్నా నది, దాని మీద 2022లో ప్రారంభమైన బ్యారేజీ, ఒడ్డున సంగమేశ్వరస్వామి గుడి, చుట్టూ వరి. పోయిన సంక్రాంతి సెలవుల్లో అక్కడి నుంచే బాబాయిని కార్లో ఎక్కించుకుని మోటుపల్లి బయల్దేరాను.

ఎందుకో చెప్పాలంటే ముందు విస్బీ గురించి చెప్పాలి. ప్రాజెక్టు పని మీద ఏడాదిపాటు స్వీడన్‌లో ఉన్నాను. అక్కడ చూసిన ఊళ్లలో మనసులో నిలిచిపోయింది అదే. బాల్టిక్ సముద్రంలో గోట్లాండ్ అనే దీవి, దాని మీద ఈ రేవు పట్నం. మధ్యయుగంలో జర్మన్ వర్తకులతో కిటకిటలాడిన ఊరు. చుట్టూ దాదాపు 3.4 కిలోమీటర్ల రాతి గోడ, లోపల పైకప్పు లేని పాత చర్చిలు, గులాబీ తీగలు పాకిన ఇళ్లు. 1995 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. ఫొటోలు పెడితే ఫ్రెండ్ ఒకడు కామెంట్ చేశాడు: ‘మన సైడ్ ఇట్లాంటివి ఏడున్నాయి బ్రో!’

ఉన్నాయి. కాకపోతే ఫొటోలో అంత బాగా పడవు.

నెల్లూరు నుంచి హైవే మీద ఒంగోలు, అక్కడి నుంచి చీరాల రోడ్డులో చినగంజాం. ఉప్పు మడులు కనబడటం మొదలైతే దగ్గరికొచ్చేసినట్టే. మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఒక మామూలు పల్లె. కాకతీయుల కాలంలో మాత్రం తెలుగు నేలకి పెద్ద రేవుల్లో ఒకటి. 13వ శతాబ్దం చివర్లో మార్కో పోలో రాసిన ‘ముత్ఫిలి’ ఇదేనని చరిత్రకారులు చెబుతారు. ఈ రాజ్యాన్ని ఏలిన రాణి గురించి మెచ్చుకుంటూ రాశాడు, మన రుద్రమదేవి గురించే. సాలెగూడంత సన్నని బట్టల గురించి రాశాడు. లోయల్లో మాంసం ముక్కలు విసిరితే, వాటికి అంటుకున్న వజ్రాలతో సహా గద్దలు ఎత్తుకొస్తాయని కూడా రాశాడు. బట్టల సంగతి నమ్మొచ్చు, చేనేతకి పేరున్న చీరాల పక్కనే ఉంది. గద్దల సంగతి మీ ఇష్టం.

ఇక్కడ వీరభద్రస్వామి గుడి దగ్గర ఒక రాతి స్తంభం ఉంది. 1244-45లో గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం దాని మీదే ఉంది. అక్షరాలు పాతవి, ఓపిగ్గా చూస్తే అక్కడక్కడా గుర్తుపట్టొచ్చు.

“ఏంరా అబ్బయ్యా, ఇంత దూరం వచ్చింది ఈ రాయి కోసమా?” అన్నాడు బాబాయి.

విషయం చెప్పాను. అప్పట్లో ఓడ తుఫానులో పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు అన్నీ ఆ తీరాన్నేలే రాజు లాక్కునేవాడు. యూరప్ తీరాల్లోనూ ఇదే ఆనవాయితీ. బతికి ఒడ్డుకు చేరినవాడికి కట్టుబట్టలే మిగిలేవి. గణపతిదేవుడు దాన్ని ఆపేశాడు. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చినవాళ్ల సొత్తు వాళ్లకే ఉంటుంది, మేం తీసుకునేది సుంకం ఒక్కటే అని రాయించాడు. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పయ్యింట ఒక వంతు, అంటే మూడు శాతం చిల్లర. మన 18 శాతం జీఎస్టీని ఒకసారి తలుచుకోండి! గంధం, కర్పూరం, ముత్యాలు, పట్టు, మిరియాలు, ఇట్లా సరుకుల లెక్క కూడా రాశారు. దయతో ఇస్తున్నామని శాసనం అంటుంది. నాకైతే దయతోపాటు మంచి బిజినెస్ బుర్ర కూడా కనిపించింది. దోచుకునే రేవుకి రెండోసారి ఓడ ఎందుకొస్తుంది?

విస్బీ గోడ కూడా ఆ శతాబ్దంలోదే. అది కేవలం శత్రువుల కోసం కట్టింది కాదు. పట్నం వర్తకులకీ, దీవిలోని పల్లె రైతులకీ పడేది కాదు, 1288లో యుద్ధమే జరిగింది. 1361లో డెన్మార్క్ రాజు వాల్డెమార్ దండెత్తి వచ్చినప్పుడు ఆ రైతులు గోడ బయటే నిలబడి పోరాడారు. దాదాపు 1,800 మంది చనిపోయారు. తర్వాత పట్నం లొంగిపోయింది. అంత అందమైన గోడని ఇది తెలిశాక చూస్తే వేరేగా కనిపిస్తుంది.

“మరి ఓడలో వచ్చినోడు ఈడనే ఉండిపోతానంటే?” బాబాయి అడిగాడు.

దానికీ మోటుపల్లిలో జవాబుంది. 1323లో కాకతీయ రాజ్యం కూలిపోయాక, రెడ్డి రాజు అనవోతారెడ్డి 1358లో ఇక్కడే ఇంకో శాసనం వేయించాడు, విస్బీ యుద్ధానికి మూడేళ్ల ముందు. వచ్చి ఉండేవాళ్లకి భూమి ఇస్తాం, సరుకు ఇష్టమైనవాళ్లకి అమ్ముకోవచ్చు, వెళ్లిపోతానంటే ఆపం అన్నాడు. కొడుకులు లేకుండా చనిపోయినవాళ్ల ఆస్తి రాజు తీసుకునే పద్ధతి కూడా తీసేశాడు.

బాబాయి కాసేపు మాట్లాడలేదు. ఆయన కొడుకు, అంటే మా తమ్ముడు, ఏడాదిగా వర్క్ పర్మిట్ కోసం ఎదురుచూస్తున్నాడు. ఇంట్లో ఎవరి ఫోన్ మోగినా అందరూ అటే చూస్తారు. “మనోడిక్కూడా ఎవుడన్నా ఇట్టా రాయి మీద రాసిచ్చుంటే బాగుండు గదా” అన్నాడు మెల్లగా. ఆయన ఆ స్తంభాన్ని ఫోన్‌లో ఫొటో తీసి వాడికి పంపించాడు. నాకు ఏం మాట్లాడాలో తోచలేదు.

మీరు వెళ్లాలనుకుంటే విజయవాడ-గూడూరు లైన్లో చినగంజాం స్టేషన్ ఉంది, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోవచ్చు. గోడలు, కోటలు ఉంటాయని వెళ్తే డిసప్పాయింట్ అవుతారు. శాసనంలో ఏముందో ముందే చదువుకుని వెళ్లండి. కోదండరామస్వామి గుడి కూడా చూడండి. తిరుగు దారిలో వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది, దానికి ఒక గంట పెట్టుకోండి. మేం చివర్లో వేటపాలెం జీడిపప్పు కొన్నాం. బేరం బాబాయికి వదిలేశాను, 20 నిమిషాలు పట్టింది.