ఇంటిల్లిపాదికీ సెగగడ్డలా? అది వేడి కాదు, అంటు



ఎండలు ముదిరాయంటే మన వరంగల్‌లో సెగగడ్డల కాలం వచ్చినట్లే. మీ ఇంట్లో ఒకరికి గడ్డ లేచి, అది మానీ మానకముందే మరొకరికి లేచిందా? అయితే ఈ నాలుగు మాటలు మీకోసమే. నేను చేసిన ఒక పొరపాటుతోనే మొదలుపెడతాను.

చాలా ఏళ్ల క్రితం ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే ఒక హమాలీ మెడ వెనుక గడ్డతో నా క్లినిక్‌కు వచ్చాడు. బస్తాల రాపిడికి చర్మం గీరుకుపోయి, అక్కడే చీము పట్టింది. వారం రోజులకు సెఫలెక్సిన్ క్యాప్సూళ్లు రాసి పంపాను. రెండు రోజులకు నొప్పి తగ్గగానే మందు మానేసి పనికి వెళ్లాడు. నెల తిరగకముందే మళ్లీ గడ్డ. ఈసారి కొడుకు తొడ మీద కూడా. ఆ తరువాత భార్య చంకలో. వచ్చిన ప్రతిసారీ ఇంకొంచెం ఖరీదైన మందు రాశాను. పేర్లు మారాయి, మందుల జాతి ఒక్కటే. చీమును మాత్రం ఒక్కసారీ పరీక్షకు పంపలేదు. పేదవాడికి ఆ ఖర్చెందుకని నాకు నేనే సర్ది చెప్పుకొన్నాను. “ఏం లేదు బిడ్డా, వేడి చేసింది. మామిడిపండ్లు బాగ తిన్నరు” అని అతని తల్లి అంటే నవ్వి ఊరుకున్నాను.

నాలుగో నెలలో ఆమెనే తీసుకువచ్చారు. మధుమేహం ఉన్న మనిషి. వీపు మీది గడ్డ అప్పటికే రాచపుండుగా మారింది, జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది. ఆసుపత్రిలో చేర్చి, చీము తీసి, కల్చర్ పరీక్షకు పంపారు. మూడు రోజులకు వచ్చిన నివేదిక ప్రకారం, నేను ఆ ఇంటికి రాసిన మందుల్లో ఒక్కటీ ఆ క్రిమి మీద పనిచేయదు. వేరే మందుతో ఆమె బతికింది. కానీ కోడలి మెడలోని బంగారం తాకట్టుకు పోయింది. చేయించని పరీక్ష ఆ ఇంటికి ఎంత ఖరీదైనదో ఆనాడు తెలిసింది.

ఆ క్రిమి పేరు స్టెఫైలోకాకస్ ఆరియస్. సూక్ష్మదర్శినిలో ద్రాక్షగుత్తిలా కనిపిస్తుంది. ఆరోగ్యవంతుల్లోనూ దాదాపు ముగ్గురిలో ఒకరి ముక్కులో ఏ హానీ చేయకుండా ఉంటుంది. చర్మం గీరుకుపోయిన చోట లోపలికి దిగితే గడ్డ లేస్తుంది. చేతులు, తువ్వాలు, దుప్పటి, గడ్డం గీసుకునే బ్లేడు ద్వారా ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. మామిడిపండు నేరమేమీ లేదు.

పెన్సిలిన్‌ను తట్టుకునే స్టెఫైలోకాకస్ 1940లలోనే కనిపించింది. చాలీచాలని మోతాదు క్రిములను రాటుదేలుస్తుందని 1945లో నోబెల్ ప్రసంగంలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ హెచ్చరించారు. మన కాకతీయ వైద్య కళాశాల 1959లో మొదలైంది. దాదాపు అదే కాలంలో మెథిసిలిన్ అనే కొత్త మందు వచ్చింది. 1961 నాటికే దానికీ లొంగని క్రిమిని ఇంగ్లండులో గుర్తించారు. అదే ఎంఆర్‌ఎస్‌ఏ. పెన్సిలిన్ జాతి మందులు క్రిమి గోడ కట్టుకునే పనిముట్టును పట్టి ఆపుతాయి. ఈ క్రిమి ఆ పనిముట్టునే మార్చుకుంది గనుక మందుకు పట్టు దొరకదు. అందుకే అమాక్సిసిలిన్, క్లాక్ససిలిన్, సెఫలెక్సిన్ ఏదీ పనిచేయదు. ఒకప్పుడు ఆసుపత్రులకే పరిమితమైన ఈ బెడద 1990ల నుంచి ఆసుపత్రి గడప తొక్కని వారిలోనూ కనిపిస్తోంది. భారత వైద్య పరిశోధన మండలి 2021 నివేదిక ప్రకారం, పెద్దాసుపత్రుల్లో పరీక్షించిన స్టెఫైలోకాకస్ ఆరియస్‌లో నూటికి 40కి పైగా ఈ రకమే.

భయపడకండి. పనిచేసే మందులు ఇప్పటికీ ఉన్నాయి, వాటిలో చవకైనవీ ఉన్నాయి. ఏది పనిచేస్తుందో చీము పరీక్ష చెప్పాలి గాని మందుల షాపు కాదు. అట్ట మీద ఎర్ర గీత ఉన్న మందును డాక్టరు చీటీ లేకుండా కొనకండి. రాసిన మందును రాసినన్ని రోజులూ వాడండి, మిగిలినది మరొకరికి ఇవ్వకండి.

గడ్డను పిండవద్దు, సూదితో పొడవవద్దు. గోరువెచ్చని నీటిలో ముంచిన శుభ్రమైన గుడ్డతో రోజుకు మూడు నాలుగు సార్లు కాపడం పెట్టండి. పండిన గడ్డకు అసలు చికిత్స వైద్యుడు చీము తీయడమే. జ్వరం వచ్చినా, ఎరుపు పాకుతున్నా, ముఖం మీద గడ్డ లేచినా, రోగికి మధుమేహం ఉన్నా, పసిబిడ్డ అయినా ఆ రోజే వైద్యుడిని కలవండి. గడ్డలు తిరగబెడుతుంటే “చీము పరీక్ష చేయిస్తారా?” అని మీరే అడగండి.

చికిత్స ఒక్కరికే పరిమితమైతే చాలదు. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జరిగి 2012లో వెలువడిన ఒక అధ్యయనంలో, గడ్డ వచ్చిన ఒక్కరికే గాక ఇంటిల్లిపాదికీ క్రిమిని తొలగించే చికిత్స చేసినప్పుడు గడ్డలు తిరగబెట్టడం తగ్గింది. ఆ హమాలీ ఇంట్లో నలుగురికీ ఒకటే తువ్వాలని నేను అడిగితేనే తెలిసింది, అదీ ఆలస్యంగా. ఎవరి తువ్వాలు వారికి, రోజూ సబ్బు స్నానం, వేడినీటిలో ఉతికి ఎండలో ఆరేసిన దుప్పట్లు, గడ్డకు కట్టు, కట్టు మార్చాక చేతులు కడగడం. వారు ఇవన్నీ పాటించారు.

మరుసటి ఎండాకాలం అతడు మళ్లీ వచ్చాడు. గడ్డతో కాదు, తల్లి షుగరు మందుల చీటీ రాయించుకోవడానికి.