పుట్టుకతో వచ్చిన బుద్ధి

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అని మనవా రనుచుందురు. ఓర్వకల్లులోని మా యింట నీ మాట రెండుమారులు వినబడినది. రెండుమారులును ఒకే యర్థమున గాదు.

మా మనుమరాలికి మూడవ నెల. నీళ్లుపోయు అవ్వ పీటమీద కూర్చుండి, కాళ్లు చాచి పరుండబెట్టుకొనగనే బిడ్డ విల్లువలె బిగిసి, సాంబ్రాణిపొగ వేయుదాక నేడ్చెడిది. "ఇది మొండిఘటము, అత్తగారింట ఎట్లు నెగ్గునో!" అని యవ్వ నిట్టూర్చెను. మేము నవ్వితిమి. మూడేండ్లకు తమ్ముడు పుట్టెను. అదే పీట, అదే బిగింపు, అదే కేక. "మగబిడ్డ! ఎంత పౌరుషమో!" అని యా యవ్వయే మురిసెను. మేము మరల నవ్వితిమి. ఆ నవ్వు మాకిప్పుడు గుచ్చుకొనుచున్నది.

శిశువునకు స్వభావమే లేదని మే మనము. 1956లో న్యూయార్కున అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అను వైద్యదంపతులు 133 మంది బిడ్డలను శైశవము మొదలు పెద్దవారగుదాక గమనింప నారంభించిరి. సులభముగా ఊరడిల్లువారు, ఊరక కలతపడువారు, క్రొత్తకు మెల్లగా అలవడువారు అను భేదములు తొలి నెలలలోనే కానవచ్చెను. కాని బిడ్డ యెట్లు పెరుగునో స్వభావ మొక్కటే నిర్ణయింపదనియు, దానికిని ఇంటివారి నడతకును గల పొందికనుబట్టి యుండుననియు వారు తేల్చిరి.

ఆ పొందిక మా యింట తమ్మునికి కుదిరినది; అక్కకు కుదరలేదు. ఇప్పు డామెకు తొమ్మిదేండ్లు. ఏడ్వదు, ఏదియు నడుగదు. బడిలో పాటకు పేరీయవలెనని మనసుండియు ఇయ్యలేదు. ఏలనగా, "అడిగితే మొండి అంటారు కదా, జేజినాయనా" అన్నది.

2000లో రాబర్ట్స్, డెల్వెక్కియో అను పండితులు 152 పరిశోధనలను కూర్చి, తోటివారితో పోల్చినప్పుడు గుణము లెంత నిలుకడగా నుండునో లెక్కించిరి. పూర్తి నిలుకడకు గుర్తు 1. బాల్యమున అది 0.31, ముప్పదియేండ్లకు 0.64, ఏబది దాటినపుడు 0.74. బుద్ధి మిక్కిలి మెత్తగా నుండు వయసుననే మనము దానికి పేరు పెట్టుచున్నాము!

ఏబదియేండ్లకును అది రాయి గాదనుటకు మా యూరి స్త్రీలే సాక్షులు. 1990ల దశాబ్దమున ఇచ్చట పొదుపుసంఘములు బలపడినవి. ఉయ్యాలనాటినుండి "నోరులేనిది" అనిపించుకొన్న మా పొరుగింటి యమ్మ నలుబదవయేట బ్యాంకు అధికారిని నిలదీసి అప్పులెక్క చెప్పించుకొన్నది. మొన్న ఆమె వెంట మనుమరాలిని సంఘసమావేశమునకు పంపితిమి. తిరిగివచ్చి, తమ్ముని చేతిలోని గాలిపటము కొంతసేపు తనకు గావలెనని గట్టిగా నడిగినది. ఇంటిలో నొకరు ఆ పాత మాట యనబోగా మేము చేయి చూపి వారించితిమి.