పట్టాభిషేకం తరువాత

పెళ్లితోనో పట్టాభిషేకంతోనో ముగిసిన ప్రేమకథకు రెండవ భాగం వ్రాయబూనడం సాహసమే. మొదటి భాగంలో పాఠకుని నడిపించినది ఒకే ప్రశ్న: వీరిద్దరూ ఒకటవుతారా? అందుకు జవాబు దొరికిన పిమ్మట రచయిత చేతిలో మిగిలేదేమిటి? చాలామంది కొత్త రాక్షసుణ్ణో కొత్త శాపాన్నో తెచ్చి కథను పరుగెత్తిస్తారు. పాత్రలు మాత్రం ఉన్నచోటనే ఉండిపోతాయి.

ఎనిమిదవ శతాబ్దపు భవభూతికి ఈ చిక్కు బాగా తెలుసు. ఆయన ‘మహావీరచరితం’ రాముని పట్టాభిషేకంతో ముగుస్తుంది. ‘ఉత్తరరామచరితం’ ఆ తరువాతి కథ. ఏడంకాల ఈ నాటకం ఏ తొందరా లేకుండా మొదలవుతుంది. సీతారామలక్ష్మణులు తమ గతజీవితపు చిత్రాలను చూస్తూ ఉంటారు. నిండు గర్భిణి అయిన సీత అలసి, భర్త బాహువుపై తల వాల్చి నిద్రిస్తుంది. సరిగా అప్పుడే దుర్ముఖుడు లోకాపవాదాన్ని మోసుకొని వస్తాడు. ముందు ఆ నిదానం లేకపోతే తరువాతి దెబ్బకు అంత బరువు ఉండేది కాదు.

రెండవ అంకం నాటికి పన్నెండేళ్లు గడిచిపోతాయి. ఆ ఏళ్లలో ఏమి జరిగిందో కవి ఏకరువు పెట్టడు. అవి మనుషులను ఏమి చేశాయో మూడవ అంకంలో చూపుతాడు. భాగీరథి వరంవల్ల రాముని కంటికి కనబడని సీత, పంచవటిలో ఆయన తనకై కుమిలిపోవడం చూస్తుంది. అశ్వమేధంలో తన స్థానాన మరొక స్త్రీ లేదనీ, తన బంగారు ప్రతిమయే ఉన్నదనీ ఆయన నోటనే వింటుంది. విడనాడబడ్డానన్న ముల్లు అప్పటికి ఆమె గుండెనుండి తొలగుతుంది. ఇక్కడ అద్భుతం వింతకోసం రాలేదు. ఎదుటపడితే భర్త చెప్పలేని మాటలు భార్య చెవిన పడడానికి వచ్చింది.

ఈ కథను ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1860లో ‘సీతార్ బనబాస్’ పేరుతో బెంగాలీ వచనంలో వ్రాశాడు. ఆయన స్వగ్రామం బీర్‌సింగ, ఖరగ్‌పూర్ ఉన్న నేటి పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోనే ఉన్నది. తొలి భాగాలకు ఆయన భవభూతినే ఆశ్రయించాడు. ముగింపులో మాత్రం దారి మార్చుకున్నాడు. భవభూతి దంపతులను తిరిగి కలిపితే, విద్యాసాగరుని సీత మరణిస్తుంది. 1856లో వితంతు పునర్వివాహ చట్టం వచ్చేదాకా పోరాడిన మనిషికి, స్త్రీ పడిన బాధను చివరి క్షణంలో మరపించి పంపడం సులభం కాకపోయి ఉండవచ్చు.

బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుండి ఉత్తరాంధ్ర కుటుంబాలు బ్రతుకుతెరువుకై ఖరగ్‌పూర్ చేరుతూ వచ్చాయి. 1963 నాటి ‘లవకుశ’ చిత్రం చూసి కంటతడి పెట్టని తెలుగు ఇల్లు అక్కడ మాత్రం ఎన్ని ఉంటాయి? మగడు రైల్వే క్వార్టర్లో, ఇల్లాలు స్వగ్రామంలో ఏళ్లు గడపడం వలసబ్రతుకుల్లో కొత్తకాదు. అటువంటి ఇంట్లో సెలవుమీద వచ్చిన తండ్రిని చూసి పసివాడు తల్లి కొంగు చాటుకు పోతాడు. ఆమెకు చెప్పవలసినవి ఎన్నో ఉన్నా, మొదటి పూట వంటా వడ్డనలతోనే గడిచిపోతుంది. అసలు మాట బయటపడడానికి రోజులు పడుతుంది. తండ్రి ఎవరో ఎరుగని లవకుశుల కథ ఆ ఇంటివారికి పురాణం మాత్రమే కాదు.

ఉత్తరకథ వ్రాసేవారు కథను ఎక్కడ ఆపాలో, ఎంతసేపు ఆపాలో ఇటువంటి ఇళ్లలో నేర్చుకోవచ్చు. ఎడబాసినవారిని ఒక పుటలో కలిపివేయడం తేలిక. వారు మారిపోయి వచ్చారని గుర్తించి, ఆ మార్పును ఒకరికొకరు తెలుసుకునే వ్యవధి ఇవ్వడమే కష్టం. భవభూతి అందుకు ఒక అంకమంతా కేటాయించాడు. ఆ వ్యవధి చాలదనిపించినచోట, విద్యాసాగరునివలె వారిని కలపకుండా విడిచిపెట్టడం కూడా న్యాయమే.