ఫార్వర్డ్ చేసే ముందు



ఈ వారం వాక్యం కంటే ముందు ఒక ఒప్పుకోలు. మా సంఘంలో అరవై దాటిన ఒక సహోదరి ఉంది. కూలికి వెళ్తుంది. ఆదివారం అందరికంటే ముందు వచ్చి మందిరం ఊడుస్తుంది. పదేళ్లుగా షుగర్ మాత్రలు వాడుతోంది. పోయిన చలికాలం ఎవరికీ చెప్పకుండా ఆ మాత్రలు మానేసింది. నలభై రోజులు కాకరకాయ రసం తాగితే షుగర్ మళ్లీ రాదని ఫోన్‌లో విన్నదట. కాలి వేలికి ముల్లు గుచ్చుకుంటే ఆమెకు తెలియనే లేదు. తెలిసేసరికి పుండు ముదిరింది. పట్నంలో వేలు తీసేశారు.

చూడడానికి వెళ్తే మంచం మీద నుంచే వందనాలు చెప్పి, "మన సంఘం గ్రూపులో వచ్చింది కదా అయ్యగారూ, మీరు పెట్టిందే కదా అని నమ్మాను" అంది.

ఇంటికొచ్చి ఫోన్ తీసి చూశాం. నిజమే. తెల్లవారుజామున వాక్యంతో పాటు మేమే పంపాం. పూర్తిగా చూడను కూడా లేదు. తోటి సేవకుడు పంపాడు, మంచిదే అయ్యుంటుంది అనుకున్నాం. ఆ రాత్రి మేమిద్దరం మోకాళ్ల మీదే ఉన్నాం.

అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో బెరయవారు గుర్తొచ్చారు. చెప్పేది పౌలే అయినా, అది నిజమో కాదో వాళ్లు ప్రతిదినం లేఖనాలు పరిశోధించి చూసుకున్నారు. అది అవిశ్వాసం కాదు, ఘనతగానే రాయబడింది. పౌలుకే అంత పరిశీలన ఉంటే ఎవరో పంపిన వీడియోకు ఎంత ఉండాలి?

ప్రార్థన చేసేవాళ్లకు మందులెందుకని కొందరు అడుగుతారు. హిజ్కియా కన్నీళ్లతో ప్రార్థించాడు, దేవుడు విన్నాడు. అయినా పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు యెషయా. పౌలుతో నడిచిన లూకా వైద్యుడు. 1921లో ఇన్సులిన్ కనుగొనక ముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఎక్కువ కాలం బతికేవారు కాదు. ఆ జ్ఞానమూ దేవుడిచ్చిందే.

ఏఎన్ఎం అమ్మ మాకు వివరంగా చెప్పింది. షుగర్ చాలాకాలం ఎక్కువగా ఉంటే పాదాల నరాలు మొద్దుబారతాయి, గాయమైనా నొప్పి తెలియదు. అందుకే రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోవాలి, చెప్పులు లేకుండా నడవకూడదు. వేలి రక్తంతో చూసేది ఆ పూట సంగతే. హెచ్‌బీఏ1సీ పరీక్ష రెండు మూడు నెలల సగటు చెబుతుంది. డాక్టర్ చెప్పకుండా మాత్ర మానకూడదు.

ఇప్పుడు శనివారం ప్రార్థన అయ్యాక అరగంట అందరం చదువుకుంటున్నాం. పదో తరగతి చదివే మా సండే స్కూల్ అమ్మాయి పెద్దవాళ్లకు ఫోన్ నేర్పుతోంది. ఇది చెప్పింది ఎవరు? ఎప్పటిది? డాక్టర్‌ను అడిగామా? ఈ మూడూ తేలకుండా గ్రూపులో ఏదీ పెట్టకూడదని నియమం పెట్టుకున్నాం. మొదటి విద్యార్థులం మేమే.

ఫోన్‌ను తిట్టడం లేదు. చదువు రాని ఆ సహోదరి ఇప్పుడు అదే ఫోన్‌లో రోజూ బైబిల్ వింటోంది. మమ్మల్ని క్షమించింది కూడా. కానీ కూలికి వెళ్లలేకపోతోంది. ఆమె ఇంటి బియ్యం సంగతి సంఘం చూసుకుంటోంది. ఆమె కోసం ప్రార్థించండి.

ప్రభువా, మా నోటికే కాదు, మా చేతిలోని ఫోన్‌కూ కావలి ఉంచు. ఆమేన్.