వెనకవైపు చూసి కొనాలి

హైదరాబాద్ కృష్ణానగర్‌లో సినిమాలకు సామాను అద్దెకిచ్చే దుకాణాల ముందు నుంచి నడిస్తే ఎన్నో కాలాల ఇళ్ళు ఒకేసారి కనిపిస్తాయి. పందిరి మంచం పక్కన పోలీస్ స్టేషన్ బల్ల, దానిమీద బోర్లించిన పేము కుర్చీలు, గోడకు ఆనించిన జమీందారు సోఫా. ఈ వీధుల్లో అది వింత కాదు. ఇటు అమీర్‌పేటలో 1950లలో సారథి స్టూడియో, అటు కొండవైపు 1976లో అన్నపూర్ణ స్టూడియో వచ్చాయి. సినిమా పనివాళ్ళు ఎంతోమంది ఈ పేటలో ఇళ్ళు అద్దెకు తీసుకున్నారు. వాళ్ళతోపాటే ఈ సామానూ వచ్చింది. వాళ్ళ మాటలో దాని పేరు ప్రాపర్టీ.

పాత చెక్క సామాను ఎలా ఎంచుకోవాలో నేను నేర్చుకున్నది ఈ వీధుల్లోనే. ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో ఏళ్ళ తరబడి పనిచేసిన ఒక పెద్దాయనను బాబాయ్ అని పిలుస్తాను. మా ఇంటికి పాత బీరువా చూడటానికి ఆయన నా వెంట వచ్చారు. నేను దాని అద్దాన్నీ తలుపు మీద చెక్కిన తీగలనూ చూస్తూ ఉంటే, ఆయన బీరువాను గోడ దగ్గర్నుంచి జరిపించి వెనక్కి వెళ్ళారు. "కెమెరాకి ముందువైపు చాలమ్మా. ఇంటికి నాలుగు వైపులూ కావాలి" అన్నారు.

ఆ మాట నాలో నిలిచిపోయింది. సెట్‌లో కుర్చీ ఒక షాట్ నిలబడితే చాలు. ప్లైవుడ్‌కి రంగు వేసి టేకులా చూపించడం అక్కడ నేర్పు, దాన్ని నేను గౌరవిస్తాను. ఇంట్లో కుర్చీ పని వేరు. దానిమీద అమ్మమ్మ చేతులు ఆనించి లేస్తుంది, పిల్లలు ఎక్కి దూకుతారు, తడిబట్ట ఆరేస్తారు. కనిపించని వైపే ఆ బరువంతా మోస్తుంది.

అందుకని ఇప్పుడు ఏ పాత వస్తువునైనా ముందు తిరగేసి చూస్తాను. వెనక పలకలు, సొరుగుల అడుగులు పాలిష్‌కు నోచుకోవు కాబట్టి అక్కడ చెక్క అసలు రంగు కనిపిస్తుంది. టేకు చేవలో సహజంగా నూనె ఉంటుంది, చెదలు దాన్ని తేలిగ్గా ముట్టవు. చేవ చుట్టూ ఉండే తెల్ల చెక్కకు ఆ బలం లేదు, పురుగు ముందు దాన్నే పడుతుంది. సన్నటి గుండ్రటి రంధ్రాలు కనిపించగానే వద్దనుకోనక్కర్లేదు, అవి ఎప్పటివో కావచ్చు. తట్టినప్పుడు వాటిలోంచి మెత్తటి పిండి రాలితే మాత్రం పురుగు ఇంకా లోపల ఉండవచ్చు.

అతుకులూ అంతే. ఒక కర్ర కొసను ఇంకో కర్ర బెజ్జంలోకి దించి చెక్క చీలతో బిగించిన పని అయితే, వదులైనా వడ్రంగి మళ్ళీ బిగించగలడు. మేకులతో కొట్టేసినది ఒకసారి ఊగడం మొదలుపెడితే ఆగదు. స్క్రూ తల మీద నక్షత్రంలాంటి గాటు ఉంటే ఆ స్క్రూ 1930ల తర్వాతిదే. అదొక్కటీ వస్తువు వయసు తేల్చదు, మరమ్మతులో మార్చి ఉండవచ్చు. గుండ్రటి బల్లను టేపుతో రెండు దిక్కులా కొలవాలి. చెక్క ఏళ్ళు గడిచేకొద్దీ నారకు అడ్డంగా కుంచించుకుంటుంది, పొడవునా దాదాపు మారదు. అసలైన పాత బల్లకు ఒకవైపు కొలత కాస్త తక్కువ వస్తుంది.

జిట్రేగి, అంటే రోజ్‌వుడ్, అని చెప్పి నల్లరంగు పూసిన చౌక చెక్క అమ్మేవాళ్ళుంటారు. చేత్తో ఎత్తితే తేడా తెలుస్తుంది. టేకు ఘనపు మీటరుకు సుమారు 650 కిలోలుంటే జిట్రేగి 800 దాటుతుంది. ఆ జాతి చెట్ల అంతర్జాతీయ వ్యాపారంపై 2017 నుంచి ఆంక్షలున్నాయి. కొత్తగా చెట్టు కొట్టకుండా ఆ చెక్క మన ఇంటికి రావాలంటే పాత వస్తువే దారి.

వయసు గురించి అంగట్లో వినిపించే మాట "నిజాం కాలందండీ". ఆసఫ్‌జాహీల పాలన 1724 నుంచి 1948 దాకా సాగింది. అంత పొడుగు కాలం ఏ కుర్చీ వయసునూ చెప్పదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వస్తువు పురావస్తువు కావాలంటే మామూలుగా 100 ఏళ్ళు నిండాలి. అలాంటిదాన్ని సొంతంగా దేశం దాటించడానికి వీల్లేదు. ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో, జుమ్మేరాత్ బజార్‌లోనో దొరికే చాలా సామానుకు అంత వయసుండదు. ఉండనక్కర్లేదు కూడా. నాకు వయసు కన్నా పనితనం ముఖ్యమైంది.

వస్తువు మంచిదని తేలాక మన ఇంటిని చూడాలి. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఏనుగు దంతపు కుర్చీలున్నాయి, ఫ్రాన్స్ రాజు పదహారో లూయీ టిప్పు సుల్తాన్‌కు పంపినవని చెబుతారు. ఫలక్‌నుమా ప్యాలెస్‌లో 101 మంది కూర్చునే భోజనాల బల్ల ఉంది. అవి తమ గదుల కొలతకు పుట్టిన వస్తువులు, అక్కడే వాటికి అందం. మా పేటలో మెట్లు ఇరుకు, చాలా ఇళ్ళకు లిఫ్టు ఉండదు, మెట్ల మలుపులో ఇద్దరు ఎదురైతే ఒకరు ఆగాలి. అందుకే నేను గది కన్నా ముందు మెట్ల మలుపునూ, గుమ్మాన్నీ కొలుచుకుని వెళ్తాను.

గదిలో చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. పందిరి మంచం పెడితే దాని పందిరి సీలింగ్ ఫ్యాన్‌కు అడ్డొస్తుందేమో చూడాలి. పాత మంచాల కొలతలు ఇప్పటి రెడీమేడ్ పరుపులకు సరిపోకపోవచ్చు, పరుపు కుట్టించే ఖర్చు కూడా కలుపుకోవాలి. కింద కూర్చుని రాసుకునే గుమాస్తా బల్లలు ముచ్చటగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్న ఇంట్లో అవి మూలన పడతాయి. కూర్చునే ఎత్తు పదిహేడు, పద్దెనిమిది అంగుళాలుంటే ఎక్కువమందికి సుఖం. కొనేముందు ఇంట్లో పెద్దవాళ్ళను ఒకసారి కూర్చోబెట్టి చూడటం మంచిది.

వాన సంగతి కృష్ణానగర్ వాళ్ళకు చెప్పనక్కర్లేదు. గట్టిగా పడితే వీధుల్లో నీళ్ళు నిలుస్తాయి, కింది వాటాల్లోకి వస్తాయి. నగరాన్ని ముంచిన 2020 అక్టోబరు వానలు ఇంకా గుర్తే. కింది వాటాలో ఉండేవాళ్ళు నేలకు ఆనుకునే బీరువా కన్నా పొడుగు కాళ్ళున్నది ఎంచుకోవాలి. మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టే అలవాటు మన పెద్దలకుంది, అది ఇక్కడ బాగా పనికొస్తుంది. సనత్‌నగర్‌లో 1942లో మొదలైన ఆల్విన్ కంపెనీ ఇనప బీరువాలు ఈ నగరంలో ఎన్నో ఇళ్ళలో ఇంకా నగలూ పట్టుచీరలూ కాపాడుతున్నాయి. అలాంటిది కొనేటప్పుడు కూడా అడుగురేకు తుప్పు పట్టిందేమో వంగి చూడాలి.

పేము అల్లిన పడక కుర్చీ అంటే నాకు ప్రాణం. రెండు గదుల ఇంట్లో కూడా కిటికీ పక్కన ఇముడుతుంది. అల్లిక తెగితే మళ్ళీ అల్లిస్తే చాలు, చట్రం గట్టిగా ఉంటే కుర్చీ ఇంకో తరానికి వస్తుంది. ఎండ నేరుగా తగిలితే పేము పెళుసుబారుతుంది, అంతే జాగ్రత్త. పాలిష్ విషయంలో తొందర వద్దు. ఉప్పుకాగితంతో గీకి తళతళలాడిస్తే చేతులు తగిలి తగిలి వచ్చిన ఆ ముదురు రంగు పోతుంది, తిరిగి రాదు. దుమ్ము తుడిచి, అవసరమైన చోట స్పిరిట్‌లో కరిగించిన లక్క పాలిష్ పలచగా పట్టిస్తే సరిపోతుంది.

మా పేటలో చాలామందిమి అద్దెకుండేవాళ్ళం. ఇల్లు మారడం మా బతుకులో భాగం. అందుకే బీరువా విప్పి మోసి మళ్ళీ బిగించేలా ఉందా అని ఆఖరుగా అడుగుతాను. పాతకాలం వడ్రంగులు పందిరి మంచాన్ని కోళ్ళూ పట్టెలూ విడివిడిగా ఊడివచ్చేలా చేసేవారు, బండిమీద ఊళ్ళు దాటాలని వాళ్ళకు తెలుసు. ఆనాటి అవసరమే ఈనాడు మాది కూడా. ఈ ఇంటి మెట్లెక్కి, రేపు ఇంకో ఇంటి మెట్లు కూడా ఎక్కగలిగి, అక్కడా పనిలో పడే వస్తువునే నేను ఎంచుకుంటాను.