చేతికఱ్ఱకు వెఱచిన కుక్క

కర్ణాటక రాష్ట్రములో మండ్య జిల్లాకు చెందిన ఆతకూరున ఒక వేటకుక్కకు శిల నిలిపిరి. క్రీ. శ. 949-950 నాటి మాట అది. కాళి అను ఆ కుక్క అడవిపందితో పోరాడగా రెండును చచ్చినవి. గంగరాజు బూతుగుని అనుచరుడైన మణలేరుడు దాని జ్ఞాపకార్థము ఆ శిలను నాటించెను. ధైర్యముగల కుక్కకు శిల దొరకినది. పిఱికి కుక్కను గూర్చి వ్రాయువారెవరు? అట్టి యొకదానిని గూర్చి నాలుగు మాటలు చెప్పుటకు పూనుకొంటిని. పెద్దలు మన్నింతురు గాక.

మాది అంచెట్టి. కృష్ణగిరి జిల్లాలో కొండలకును అడవికిని నడుమనున్న ఊరు. ఇచ్చట తెలుగు, కన్నడము, అరవము మూడును ఒకే అంగడిలో వినబడును. బహుకాలము గుమాస్తాగా కాగితములు తిరుగవేసి, విశ్రాంతి పొంది, నేనును నా గృహిణియు ఇచ్చటనే కాలము గడుపుచున్నాము. మోకాటి నొప్పిచేత చేతికఱ్ఱ లేనిదే నేను నడువలేను. ఈ సంగతి కథకు ముఖ్యము.

గత సంవత్సరము హోసూరునుండి మా మేనల్లుడు ఒక నాటుకుక్కను తెచ్చి మా యింట విడిచెను. అద్దెయిల్లు ఖాళీచేసి పోయినవారెవరో దానిని వీధిపాలు చేసిరట. మెడలో త్రాడు ఒరసి పుండు పడియుండెను. పశువైద్యుడు పుండునకు మందు వేసి, పిచ్చికుక్క వ్యాధి సోకకుండ టీకాయు వేసెను. దేహమునకు మందు దొరకినది, మనస్సునకు దొరకలేదు. వచ్చిన గడియనుండి అది తోక కాళ్లసందున ముడుచుకొని నులకమంచము క్రింద దూరినది. నా కఱ్ఱ నేలపై టక్కుమనగానే దాని మేనంతయు వణకెడిది. నేను దానిని ఎన్నడును కొట్టి యెఱుగను. కాని దానికి కఱ్ఱ కఱ్ఱయే గదా!

మూడవనాడు నాకు ఓర్పు తప్పినది. మెడపట్టెకు త్రాడు కట్టి, మంచము క్రిందనుండి వెలుపలికి లాగితిని. అది నన్ను కఱవలేదు. నిలుచున్నచోటనే మూత్రము విడిచి, నా చేతినుండి త్రాడు జారగానే గడప దాటి పరుగెత్తినది. చీకటి పడినను తిరిగి రాలేదు. మా చుట్టుప్రక్కల అడవులలో చిఱుతపులులు కలవు. కుక్కలను ఎత్తుకొనిపోవుట వాటికి పరిపాటి. నా గృహిణి, "ఏమండీ, చుట్టాన్ని ఈడ్చుకొస్తే ఇంట్లో నిలుస్తుందా?" అని మాత్రము అనెను.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. చిన్ననాట బడిలో చదివిన సరమ కథ జ్ఞప్తికి వచ్చినది. నన్నయగారి భారతములో మొదటనే అది కలదు. జనమేజయుని తమ్ములు ఏ తప్పును చేయని కుక్కపిల్లను కొట్టగా, తల్లియైన సరమ రాజు నెదుటికి వచ్చి, అట్టి పనులు చేయువారికి కారణము తెలియని భయములు కలుగునని పలికినది. కాని కొట్టినవారికి ఆ భయము ఎప్పుడు వచ్చునో గాని, దెబ్బ తిన్నదానికి మాత్రము వెంటనే వచ్చునని ఆ రాత్రి నాకు తోచినది. మఱునాటి సాయంకాలము మా పెరటి గడ్డివామి చాటున అది కనబడినప్పుడు, నేను పిలువలేదు. సంగటి గిన్నె అక్కడ నుంచి లోపలికి వచ్చితిని. ప్రొద్దుగ్రుంకిన పిదప తానై మంచము క్రిందికి చేరినది. రాత్రులు తలుపు వేయుట మఱువలేదు.

నాటినుండి పద్ధతి మార్చితిమి. మంచము క్రింద గోనెసంచి పఱచి, ఆ చోటు దానిదేయని విడిచితిమి. అచ్చటికి ఎవరును చేయి చాపరాదు. ఉదయమును సాయంకాలమును ఒకే వేళకు సంగటిలో పెరుగు కలిపి పెట్టుచుంటిమి. ఎదుట నిలిచి కన్నులలోనికి చూచుట కుక్కకు బెదిరింపుగా తోచును. కావున ప్రక్కకు తిరిగి పీటపై కూర్చుండువాడను. నిద్ర రాకున్నను ఆవులించుట, తిండి లేకున్నను పెదవులు నాకుకొనుట బెదురునకు గుర్తులు. అవి కనబడగానే వెనుకకు తగ్గువాడను. రా, వా, బా అని మా వీధిలో మూడు పిలుపులు కలవు. దానిని ఏ భాషలో తిట్టిరో తెలియదు గనుక కొన్నాళ్లు మౌనమే మేలనుకొంటిమి.

ఇక కఱ్ఱ సంగతి. దానిని దాచినచో నాకు నడక లేదు. అందుచేత దానిని వసారాలో నేలపై పరుండబెట్టి, పదియడుగుల దూరమున ఉడికిన గ్రుడ్డు ముక్క నుంచితిని. అది తినినచో మఱునాడు ఒక అడుగు దగ్గరగా, తినక మరలినచో రెండడుగులు దూరముగా పెట్టుచుంటిని. కచేరీలో అర్జీ కదలునట్లే పని కదలినది. నలువది దినములు గడచిన పిమ్మట కఱ్ఱమీదనుండియే ముక్కను తీసికొనెను. మఱి రెండు మాసములకు, కఱ్ఱ నా చేత నుండగానే, నా ప్రక్కను నడచినది.

పూర్తిగా మాఱినదని చెప్పజాలను. దీపావళి టపాకాయలకు మరల మంచము క్రిందికే పోయినది. తలుపులు మూసి మేమిరువురమును దగ్గర కూర్చుంటిమి. చీపురు ఎత్తినచో నేటికిని తొలగిపోవును.

కాళి అడవిపందిపై దుమికిన ధైర్యము గొప్పదే. కాని వణకుచునే పదియడుగుల వసారా దాటి, ఒకప్పుడు తన్ను కొట్టినవాని వలెనే కఱ్ఱ పట్టిన మనుష్యుని చెంతకు వచ్చుట చిన్న ధైర్యము కాదు. మీ యింటికి ఇట్టి ప్రాణి వచ్చినచో, లాగకుడు. త్రోవ విడిచి వేచియుండుడు. నేను ఒకనాడు లాగితిని గనుక ఈ మాట చెప్పుచున్నాను.